నీళ్ళు పోసి తుడవడమేగా

నాకు కోపం ఎక్కువ. మా వీధిలో కూరలమ్మే ఆవిణ్ణి అడిగినా చెబుతుంది. అయితే నా కోపాలు పాలపొంగులాంటివి, గిన్నె దించగానే అణిగిపోతాయి. ఒక్క కోపం మాత్రం యాభై ఏళ్ళు కావస్తున్నా అణగలేదు. అది ఎవరి మీదో ఆ మనిషి పోయి కూడా చాలా కాలమైంది. పోయిందని తెలిసిన రోజున "అయ్యో పాపం" అనుకుందామని కూర్చున్నాను. రాలేదు. లేచి వెళ్ళి పప్పులో తాలింపు పెట్టుకున్నాను.

డెబ్బైల నాటి మాట. బెజవాడలో బందరు రోడ్డు మీద ఒక పెట్రోలు బంకు వెనకాల మాకు కార్లు కడిగే షెడ్డు ఉండేది. రేకుల కప్పు, కారు ఎక్కించడానికి రెండు సిమెంటు దిమ్మెలు, ఒక మోటారు, పొడుగాటి నల్ల పైపులు. అంతే మా ఆస్తి. స్థలం బంకు షావుకారుది. కడిగించుకోడానికొచ్చిన కార్లవాళ్ళు తన దగ్గరే పెట్రోలు పోయించుకుంటారని మమ్మల్ని అక్కడ ఉండనిచ్చాడు. మా ఆయనది కంకిపాడు దగ్గర పల్లె. లారీ క్లీనరుగా చేరి, ఆటోనగర్లో మెకానిక్కుల దగ్గర పని నేర్చుకుని, చివరికి ఈ షెడ్డు పెట్టుకున్నాడు. నేను మిషను హాస్టల్లో పెరిగినదాన్ని. తల్లీ తండ్రీ లేరు. నలుగురు వేసిన చందాల కూడు తిని పదో తరగతి దాకా వచ్చాను, కుట్టుపని నేర్చుకున్నాను. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చెప్పేది విని "అనాథ పిల్లలంటే దీనికి జాలి లేదు" అని ఎవరూ అనకూడదు.

కారు కడగడమంటే నీళ్ళు గుమ్మరించడం అనుకుంటారు జనం. మా ఆయన ముందు బానెట్ ఎత్తి ఇంజను మీద చెయ్యి పెట్టి చూసేవాడు. వేడిగా ఉంటే చల్లారేదాకా ముట్టేవాడు కాదు, కలెక్టరు బండయినా సరే. ఇంజనులో డిస్ట్రిబ్యూటరని ఒకటుంటుంది, నల్లగా, బోర్లించిన గిన్నెలాగా. ప్లగ్గులకి నిప్పురవ్వ అక్కణ్ణించే అందుతుంది. దాంట్లోకి నాలుగు చుక్కల నీళ్ళు వెళ్ళాయంటే బండి ఇక కదలదు. అందుకని పైపు పట్టేముందు దానికి రెక్సిను టోపీ తొడిగి తాడు బిగించేవాడు. ఆ టోపీలు కుట్టేది నేను. చిరిగిన సీటు కవర్ల ముక్కలతో, లోపల మైనం రాసిన గుడ్డ వేసి, రెండు వరసల కుట్టు. అంబాసిడరుకి ఒక కొలత, ఫియట్టుకి ఒక కొలత. మా షెడ్డులో కడిగిన కారు ఆగిపోయిందన్న మాట ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ వినలేదు.

మాకు ఏడాదంతా ఒకెత్తు, దసరా ఒకెత్తు. మహర్నవమి నాడు ఆయుధపూజ. కారుకి పసుపు కుంకాలు పెట్టి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బండి స్టార్టు చేసి వాటిని తొక్కిస్తారు. బానెట్ ఎత్తి ఇంజనుకీ బొట్టు పెడతారు కాబట్టి ఆ ఒక్క పండక్కి అందరికీ ఇంజను కూడా మెరవాలి. అందుకని ముందురోజు, అంటే అష్టమి నాడు, మా షెడ్డు ముందు కార్లు బారులు తీరి ఉండేవి. పొద్దున్న నుంచి పొద్దుగూకేదాకా మా ఆయనకి కాలు నేల మీద ఆనేది కాదు. మేము క్రైస్తవులం. మా ఇంట్లో పూజ లేకపోయినా దసరా అంటే మాకంటే ఎక్కువ ఎదురుచూసేవాళ్ళు ఊళ్ళో ఉండరు.

ఆ యేడు షావుకారు దగ్గరికి టైర్లకి రబ్బరు వేసేవాడొకడు రావడం మొదలెట్టాడు. మా స్థలం తనకిస్తే బంకుకి లారీలొస్తాయని ఆశపెట్టాడు. షావుకారు మా ఆయన్ని పిలిచి చెప్పాడు: "చూడవయ్యా, నీ మీద నాకు కోపమేం లేదు. కానీ ఈమధ్య కార్లు తగ్గాయి. ఈ దసరా చూస్తాను. ఎప్పట్లా బారు కడితే షెడ్డు నీదే. లేకపోతే పండగ వెళ్ళాక చూసుకో."

మా ఆయన ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. "దసరాకి బారు కట్టకుండా ఎక్కడికి పోతారే?" అన్నాడు. నేనూ నమ్మాను. ఆ వారమంతా కూర్చుని కొత్త టోపీలు కుట్టాను.

అప్పుడొచ్చింది ప్లీడరుగారి భార్య. మా పాత ఖాతాదారు. ఆవిడ ఇంటి కారు తెల్లవాళ్ళ కాలం నాటిది, ఊళ్ళో అలాంటిది ఇంకోటి లేదు. దాని టోపీ కొలతే వేరు, దానికోసం విడిగా ఒకటి కుట్టి ఉంచేదాన్ని. ఆవిడ ఆడవాళ్ళ క్లబ్బుకి ప్రెసిడెంటు. ఒక ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి షెడ్డు ముందు నిలబడి ఉంది. పక్కన బీయస్సీ చదివే అమ్మాయొకతె, సన్నగా, కళ్ళజోడు పెట్టుకుని.

"నీ పైపులూ బక్కెట్లూ కొన్ని ఒక్కరోజు మాకివ్వాలయ్యా," అంది మా ఆయనతో. "అనాథ శరణాలయానికి కొత్త గది కట్టిస్తున్నాం. అష్టమి నాడు మా క్లబ్బు ఆవరణలో కాలేజీ పిల్లలు కార్లు కడుగుతారు. వచ్చిందంతా శరణాలయానికే."

"అలాగేనమ్మగారూ," అన్నాడు మా ఆయన. ఆయన నోట కాదన్న మాట రాదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

నేను ఊరుకోలేదు. "అష్టమి నాడేనాండీ?" అన్నాను.

"ఆ రోజయితేనే కదమ్మా అందరూ కడిగించుకునేది."

"మరి మా మాటేమిటండీ?"

ఆవిడ నవ్వింది. "ఒక్కరోజేగా. మీకు ఏడాది పొడుగునా ఉండేదే. మంచి పనికి అడ్డం పడకూడదమ్మా."

మంచి పనట. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మా అష్టమిని తీసుకెళ్ళి శరణాలయానికి దానమిస్తోంది. మెళ్ళో ఉన్న నాలుగు పేటల్లో ఒక పేట తీసిచ్చినా ఆ గది లేచేది. నేనే కనక ఆ శరణాలయంలో పిల్లనై ఉంటే ఆ గదిలో నిద్ర పట్టేది కాదు. ఇదంతా లోపలే అనుకున్నాను, పైకి అనలేదు.

మా ఆయన లోపలికి వెళ్ళి నేను కుట్టిన టోపీల మూట కూడా తెచ్చి ఆవిడ డ్రైవరు చేతికిచ్చాడు. "ఇంజను దగ్గర కాస్త జాగ్రత్త కావాలమ్మగారూ. పిల్లల్ని ఒక పూట పంపించండి, చూపిస్తాను," అన్నాడు.

ఆవిడ అప్పటికే కారెక్కుతోంది. "నీళ్ళు పోసి తుడవడమేగా. దీనికో చదువా?" అని తలుపు వేసుకుంది.

షెడ్డు పోతుందేమోనన్న భయం కంటే ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది. ఎండాకాలం ఆ సిమెంటు దిమ్మెల మధ్య పడుకుని, మొహం మీద మడ్డి కారుతుంటే అడుగుభాగం గీకే మనిషి ఎదురుగా నిలబడి ఉండగా అంది. ఎనిమిదేళ్ళు ఆయన చేత కడిగించుకుని అంది. ఆయన మాత్రం "పెద్దవాళ్ళు, వాళ్ళకేం తెలుస్తుందిలే" అని పైపు చుట్టబెట్టుకున్నాడు.

మర్నాడు ఆయన బజారుకి వెళ్ళినప్పుడు డ్రైవరు వచ్చి టోపీల మూట నా చేతిలో పెట్టాడు. "ఈ మసిగుడ్డలు మనకెందుకు, పిల్లల చేతులు పాడవుతాయి అన్నారమ్మగారు," అన్నాడు. నేను ఆ వారమే మైనం రాసిన టోపీలవి. మూట తీసుకుని బియ్యం డబ్బా వెనకాల దాచాను. మా ఆయనకి చెప్పలేదు. చెబితే పరుగెత్తుకెళ్ళి కాళ్ళావేళ్ళా పడైనా మళ్ళీ ఇచ్చొస్తాడు. ఏం జరగబోతోందో నాకు అప్పుడే తెలుసు. బాగా తెలుసు.

అష్టమి నాడు మా షెడ్డుకి మూడంటే మూడు కార్లొచ్చాయి. అందులో ఒకటి షావుకారుదే. మా ఆయన దిమ్మె మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నం షావుకారు అటుగా వచ్చి ఖాళీ షెడ్డు చూసి, "పండగ వెళ్ళాక మాట్లాడదాం," అని వెళ్ళిపోయాడు. అన్నం పెడితే మా ఆయన సగం తిని చెయ్యి కడుక్కున్నాడు.

నేను ఉండబట్టలేక క్లబ్బుకి నడిచాను. గేటుకి గుడ్డ కట్టారు: కారు కడిగించుకోండి, అనాథలను ఆదుకోండి. లోపల మా కార్లే. మావేమిటి, ఏడాదంతా మేము కడిగే కార్లు. డాక్టర్లవి, సినిమా కంపెనీల వాళ్ళవి, మైలవరం నుంచి వచ్చే కంట్రాక్టరుది. పిల్లలు కేకలూ నవ్వులూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు నీళ్ళు చల్లుకుంటున్నారు. వేడి వేడి ఇంజన్ల బానెట్లెత్తి ఉన్నాయి. ప్లీడరుగారి భార్య పట్టుచీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది, నన్ను చూడలేదు.

కళ్ళజోడు అమ్మాయి చూసింది. తడిసిన ఓణీ నడుముకి చుట్టుకుని బక్కెట్టుతో వచ్చింది. "అక్కా, మీరొచ్చారు, నయమే. ఇంజను మీద నీళ్ళు పోయొచ్చాండీ? అందరూ ఇంజను కూడా కడగమంటున్నారు. నాకెందుకో భయంగా ఉంది," అంది.

ఆ పిల్ల ఒక్కతెకే అడగాలని తోచింది. నేను దాని మొహం చూశాను, వెనకాల కుర్చీలో ఉన్న మొహం చూశాను. "నీళ్ళు పోసి తుడవడమేగా తల్లీ," అన్నాను. "దీనికో చదువా? పోయండి."

పోశారు. నేను గేటు దగ్గర నిలబడి నాలుగైదు కార్లకి పోయడం చూసి ఇంటికొచ్చాను. నాకు భయం వెయ్యలేదు. దారిలో మొక్కజొన్నపొత్తు కొనుక్కుని తిన్నాను.

ఇంజన్లు వేడి మీద ఉన్నాయి కాబట్టి చాలా కార్లు దగ్గుకుంటూ, కుదుపుకుంటూ ఎలాగో ఇళ్ళకి చేరాయి. రాత్రి చల్లదనానికి లోపల దూరిన తడి ఎక్కడిదక్కడ పట్టేసింది. తెల్లారి మహర్నవమి. పూజలైపోయాయి, కొబ్బరికాయలు కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. స్టార్టరు లాగితే కిర్రు కిర్రుమనడమే, బండి కదలదు. కింద నిమ్మకాయలు అలాగే ఉన్నాయి. ఏడాదికొక్కసారి తొక్కించే నిమ్మకాయలు చితక్కపోతే ఆ ఇళ్ళల్లో వాళ్ళకి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

మెకానిక్కుల కోసం పరుగెత్తారు. అక్కడే ఉంది అసలు కిటుకు. ఆయుధపూజ నాడు ఆటోనగర్లో ఎవడూ పనిముట్టు ముట్టడు. స్పానర్లూ, సుత్తులూ, జాకీలూ అన్నీ అమ్మవారి పటం ముందు పసుపు కుంకాలతో ఉంటాయి. వాటిని మళ్ళీ దశమి నాడు తియ్యాల్సిందే. వెయ్యి దణ్ణాలు పెట్టినా వాళ్ళు కదలరు. మాకు ఆ పూజ లేదు కాబట్టి ఆ రోజు ఊళ్ళో స్పానరు పట్టుకునే మనిషి మా ఆయన ఒక్కడే.

పొద్దున తొమ్మిదింటికల్లా మొదటి కారుని నలుగురు తోసుకుంటూ వచ్చారు. పదింటికి అయిదు. తర్వాత బంకు దాటి రోడ్డు మీదకి బారు కట్టాయి, అన్నీ దండలేసుకుని, బొట్లు పెట్టుకుని. మా ఆయన ఒక్కో బానెట్ ఎత్తడం, డిస్ట్రిబ్యూటరు మూత తీసి పొడిగుడ్డతో తుడవడం, వైర్లు ఎండలో పెట్టడం. ఏం జరిగిందో ఆయనకి మొదటి కారుకే అర్థమైంది. "టోపీలు పెట్టుకోలేదా ఏమిటి వీళ్ళు?" అని తనలో తానే అనుకున్నాడు. నేను విననట్టు ఊరుకున్నాను.

నేనేం చేశానో చెబుతాను. కుర్చీ తెచ్చి షెడ్డు ముందు వేసుకున్నాను. ఎవరు ముందో ఎవరు వెనకో నేనే చెప్పాను. ప్లీడరుగారి కారు వచ్చినప్పుడు "అదిగో, ఆ చివరకమ్మగారూ" అన్నాను. ఆవిడ ఎండలో నిలబడింది, పూజలో కట్టుకున్న చీరతో, చేతిలో నాలుగు నిమ్మకాయలు పట్టుకుని. గంట నిలబెట్టాను. నీడలోకి రమ్మనలేదు, మంచినీళ్ళియ్యలేదు. ఆవిడ వంతు వచ్చాక నలుగురూ వింటుండగా అడిగాను: "నీళ్ళు పోసి తుడవడమే కదమ్మగారూ, మరెందుకు ఆగిందంటారు?"

ఆవిడ తలొంచుకుంది. "నాకు తెలీక అన్నానమ్మా," అంది నెమ్మదిగా. "పని తెలిసిన చెయ్యి వేరు."

ఆ మాట విన్నప్పుడు నా కడుపు చల్లబడింది. అన్నం తింటే అంత నిండదు. బంకు గల్లా దగ్గర నిలబడి అంతా చూస్తున్న షావుకారు వచ్చి మా ఆయన భుజం తట్టాడు. "ఊళ్ళో కార్లన్నీ ఇవాళ నా బంకులోనే ఉన్నాయయ్యా. టైర్లవాడికి రావద్దని కబురు పంపిస్తా. షెడ్డు నీదే," అన్నాడు. మా ఆయన చేతులు తుడుచుకుంటూ నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. గెలిచాం. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది.

ప్లీడరుగారి కారు వైర్లు ఎండలో ఆరుతుండగా కళ్ళజోడు అమ్మాయి వాళ్ళ నాన్నగారి ఫియట్టుతో వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మా ఆయన దాని బానెట్ ఎత్తి, కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు: "చదువుకున్న పిల్లవి, వేడి ఇంజను మీద నీళ్ళెందుకు పోశావమ్మా? మేమిచ్చిన టోపీలేం చేశారు?"

"టోపీలా? అవేమిటో నాకు తెలీదండీ. నేను అక్కని అడిగే పోశానండీ," అంది ఆ పిల్ల. "నిన్న అక్కే పోయమన్నారు."

దానికి చాడీ చెప్పాలన్న ఉద్దేశం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. ప్లీడరుగారి డ్రైవరు కూడా అక్కడే ఉన్నాడు. "టోపీల మూట నేను ఈవిడకే తిరిగిచ్చానే," అన్నాడు.

మా ఆయన స్పానరు కింద పెట్టి నా దగ్గరకొచ్చాడు. "నిజమేనా?" అన్నాడు.

ఊళ్ళో ఎవరికైనా అబద్ధం చెప్పగలను గానీ ఆయనకి చెప్పలేను. "నిజమే," అన్నాను. "ఆవిడన్న మాటే ఆ పిల్లకి చెప్పాను. నాకేం సిగ్గులేదు."

నోరా వీపుకి తేకే అంటారు. నా నోరు నా వీపుకి కాదు, ఆయన షెడ్డుకి తెచ్చింది. ప్లీడరుగారి భార్య తలెత్తింది. అప్పటిదాకా వంచిన తల అది. "చూశారా షావుకారుగారూ," అంది. ఆ మాట చాలు.

మా ఆయన అందరి ముందూ చేతులు జోడించాడు. "మా ఇంటిది చేసిన పనికి నాదే పూచీ," అన్నాడు. తర్వాత పొద్దుగూకేదాకా ఒక్కడే మిగతా కార్లన్నీ బాగుచేశాడు, ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. ప్లీడరుగారి కారు చక్రాల కింద ఆవిడ తెచ్చిన నిమ్మకాయలు తనే పెట్టి, స్టార్టు చేసి, డ్రైవరుకి అప్పగించి పక్కకి తప్పుకున్నాడు. నేను కుర్చీలోనే కూర్చున్నాను. లేచి ఒక గుడ్డముక్క కూడా అందించలేదు. అందిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని.

సాయంత్రం షావుకారు వచ్చాడు. "నీ పనితనానికి వంక పెట్టనయ్యా. కానీ బళ్ళు చెడితే చెడనీ అనుకునే మనిషి నా బంకులో ఉందంటే రేపు నా గేటు ఎవరు తొక్కుతారు?" అన్నాడు. పండగ వెళ్ళిన మూడో రోజున మా పైపులూ మోటారూ రిక్షాలో వేసుకుని బయటికొచ్చేశాం. ఆ దిమ్మెల మీద టైర్లవాడు టైర్లు పేర్చుకున్నాడు. మా ఆయన ఆటోనగర్ చివర, ముళ్ళకంపల పక్కన, వేరేవాళ్ళ షెడ్డులో కూలికి లారీలు కడగడానికి కుదిరాడు. నన్ను ఒక్క మాటన్నాడా అంటే అనలేదు. తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని, ఇద్దరికీ కాస్త తెరిపి ఉండేది.

మళ్ళీ దసరా వచ్చింది. క్లబ్బు మళ్ళీ కార్లు కడగడం పెట్టింది. ఈసారి కార్లవాళ్ళందరూ ఒకటే మాటన్నారట: అతనుంటేనే బండి ఇస్తాం. ప్లీడరుగారి భార్య కళ్ళజోడు అమ్మాయితో కబురంపింది, వచ్చి పిల్లలకి పని చూపించమని, ఊరికే. సిగ్గుండాలి. మా షెడ్డు ఊడగొట్టి, మా చేతే చాకిరీ చేయించుకుని, పుణ్యం తను మూట కట్టుకుంటుందట. సొమ్మొకడిది సోకొకడిది. నేను అరిచాను. మా ఆయన విని, "వెళ్తాను. టోపీలు కుట్టిపెట్టు," అన్నాడు. ఏడాదిలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

కుట్టాను. డాక్టర్లవీ, కంట్రాక్టరుదీ, అన్నీ శ్రద్ధగా రెండు వరసలు. ప్లీడరుగారి కారుది వేరే కొలతని చెప్పాను కదా. దానికి పైవైపు రెండు వేళ్ళ మేర కుట్టు వెయ్యకుండా వదిలేసి, మైనంతో అతికించి, మూట అడుగున పెట్టాను. నీళ్ళ పైపు తగిలితే మైనం ఊడుతుంది. మనసు హాయిగా ఉంది.

మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి మా ఆయన గుమ్మంలో వెలుగుకి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. మూటలో టోపీలన్నీ ఒక్కొక్కటీ విప్పి చూసినట్టున్నాడు. చేతిలో ప్లీడరుగారి కారు టోపీ, నా దబ్బనం. జీవితంలో సూది పట్టి ఎరగడు. మడ్డి పట్టిన ఆ లావుపాటి వేళ్ళతో, నాలిక పంటి కింద పెట్టుకుని, నేను వదిలేసిన చోట కుట్టు వేస్తున్నాడు. నేను లేచానని తెలిసింది, తలెత్తలేదు. ఒక వరస అయ్యాక రెండో వరస కూడా వేశాడు.

నవమి నాడు ఆ అమ్మాయి మా ఇంటిదాకా వచ్చి చెప్పింది, ప్లీడరుగారి కారు ఒక్క లాగుకే స్టార్టయిందనీ, నిమ్మకాయలు నాలుగూ చితికాయనీ. మా ఆయన నవ్వాడు, షెడ్డు పోయాక మొదటిసారి. నేను పొయ్యి దగ్గర్నుంచి బయటికి రాలేదు.

ఆవిడ మీద కోపం ఇప్పటికీ అలాగే ఉంది. క్షమించమని ఫాదరుగారు ఎన్నిసార్లు చెప్పారో. నావల్ల కాదన్నాను. అయితే ఆ వంకర టింకర కుట్టు ముందు కూర్చుని ఆయన్ని "ఎందుకేశారు?" అని అడగడం కూడా నావల్ల కాలేదు. ఆయన పోయేదాకా అడగలేదు.